పురుగు కడుపులో పనిచేసే ఆర్‌ఎన్‌ఏ: ఆర్‌ఎన్‌ఏఐ పంట మొక్కను కట్టే పద్ధతి

పురుగు ఆకు కొరికినప్పుడు ఆ ఆకులోని రెండు పోగుల ఆర్‌ఎన్‌ఏ కూడా దాని కడుపులోకి పోతుంది. పేగు కణాల్లో ఉండే డైసర్ అనే ఎంజైము దాన్ని 21 అక్షరాల చిన్న ముక్కలుగా కోస్తుంది. ఒక్కో ముక్కలో ఒక పోగును ఆర్గోనాట్ ప్రోటీను పట్టుకుని, దాని వరుస పురుగు సొంత జన్యువు వరుసతో సరిపోలితే, ఆ జన్యువు సందేశాన్ని మోసే ఎమ్‌ఆర్‌ఎన్‌ఏ ఎక్కడ తగిలితే అక్కడ తెంపేస్తుంది. జన్యువు చెక్కుచెదరదు, కానీ దాని నుంచి రావాల్సిన ప్రోటీను రాదు. ఈ అణచివేతనే ఆర్‌ఎన్‌ఏఐ (ఆర్‌ఎన్‌ఏ ఇంటర్‌ఫియరెన్స్) అంటారు. ఆ ప్రోటీను లేకపోతే బతకలేని పురుగు మేత మానేసి కొద్ది రోజుల్లో చస్తుంది.

ఆండ్రూ ఫైర్, క్రెయిగ్ మెలో 1998లో నులిపురుగులో ఈ యంత్రాంగాన్ని చూపించారు. అందుకే 2006లో వాళ్ళకు నోబెల్ బహుమతి వచ్చింది. పంటను పురుగు నుంచి కాపాడడానికి ఇది పనికొస్తుందని 2007లో తేలింది: ఒక బృందం మొక్కజొన్న వేరుపురుగు మీద, మరో బృందం పత్తి కాయతొలుచు పురుగు మీద చేసి చూపించాయి. వేరుపురుగులోని ఎస్‌ఎన్‌ఎఫ్7 జన్యువును అణచే మొక్కజొన్నకు అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2017లో అనుమతి ఇచ్చింది.

ఈ పనిలో దెబ్బతినే ప్రయోగాల్లో ఎక్కువ భాగం ఒకే చోట తప్పటడుగు వేస్తాయి. జన్యువు మంచిదే ఎంచుకుంటారు, మొక్క కూడా చక్కగా వస్తుంది, కానీ పొడవైన ఆర్‌ఎన్‌ఏ చెడిపోకుండా పురుగు పేగు కణం లోపలికి చేరదు. ఈ సంగతి మొక్క చేతికొచ్చాక తెలిస్తే ఒక విద్యార్థికి ఏడాది, ఏడాదిన్నర కష్టం నీళ్ళపాలే. అందుకే ఇక్కడ చెప్పే వరుసలో మొక్క చివర వస్తుంది, ముందు పని అంతా పురుగు దగ్గరే.

ఈ పురుగు ఆర్‌ఎన్‌ఏఐకి లొంగేదేనా?

అన్ని పురుగులూ ఒకేలా స్పందించవు. పెంకు పురుగులు, అంటే బంగాళదుంప పెంకు పురుగు, మొక్కజొన్న వేరుపురుగు, ఎర్ర పిండి పురుగు లాంటివి, తినిపించిన ఆర్‌ఎన్‌ఏకు బాగా లొంగుతాయి. శనగపచ్చ పురుగు, పొగాకు లద్దె పురుగు లాంటి రెక్కల పురుగుల లార్వాలు మొండివి. వాటి పేగు రసం బాగా క్షారగుణంతో ఉంటుంది, ఆర్‌ఎన్‌ఏను కోసే న్యూక్లియేజులు కూడా అందులో ఎక్కువ. ఎలాగో కణంలోకి వెళ్ళిన ఆర్‌ఎన్‌ఏ కూడా ఎండోసోములనే కణపు సంచుల్లోనే చిక్కుకుపోయి డైసర్‌ను చేరదు. తెల్లదోమ, పేనుబంక లాంటి రసం పీల్చే పురుగులు ఈ రెండింటికీ మధ్యస్తం. వాటిలో కొన్నింటి లాలాజలమే ఆర్‌ఎన్‌ఏను కోసేస్తుంది.

ఇంకో మాట. నులిపురుగులో అణచివేత తనంతట తాను పెరుగుతుంది, ఎందుకంటే ఆర్‌ఎన్‌ఏ నుంచి ఆర్‌ఎన్‌ఏను తయారుచేసే పాలిమరేజు దానికి ఉంది. కీటకాలకు అది లేదు. తిన్నంత మోతాదుకే ఫలితం, కాబట్టి మోతాదు విషయంలో ఉజ్జాయింపు పనికిరాదు.

లొంగుతుందో లేదో తేల్చడానికి రెండు దారుల్లో ఒకేసారి పరీక్షించండి. ఒకే ఆర్‌ఎన్‌ఏను కొన్ని లార్వాల రక్తంలోకి సన్నటి గాజు సూదితో ఎక్కించండి, మరికొన్నిటికి మేతలో పెట్టండి. రెండు దారుల్లోనూ చస్తే ముందుకు సాగండి. ఎక్కిస్తే చచ్చి, తింటే చావకపోతే లోపం పేగులో ఉంది: అక్కడ ఆర్‌ఎన్‌ఏ తెగిపోతోంది, లేదా కణంలోకి వెళ్ళడం లేదు. ఎక్కించినా చావకపోతే జన్యువు ఎంపిక తప్పయి ఉండాలి, లేదంటే ఆ పురుగులో ఆర్‌ఎన్‌ఏఐ యంత్రాంగమే బలహీనం. అప్పుడు వేరే రెండు జన్యువులతో మళ్ళీ చేసి చూడందే పురుగును వదిలేయకండి.

పేగులో తెగిపోతోందా అన్నది ఒక్క రోజులో తెలుసుకోవచ్చు. చివరి దశ లార్వాలు 5 నుంచి 10 తీసుకుని మంచు మీద పేగులు విప్పి, 100 మైక్రోలీటర్ల చల్లటి ఫాస్ఫేట్ బఫర్‌లో వేయండి. 4 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు 12,000 జీ వేగంతో తిప్పి పైతేట తీసుకోండి. దాన్ని 10 రెట్లు, 100 రెట్లు, 1000 రెట్లు పలుచన చేసి, ఒక్కో దానిలో 500 నానోగ్రాముల ఆర్‌ఎన్‌ఏ కలిపి మొత్తం 20 మైక్రోలీటర్లు చేయండి. పురుగు పెరిగే ఉష్ణోగ్రత దగ్గరే ఉంచి 0, 10, 30, 60 నిమిషాలకు నమూనాలు తీయండి. తీసిన వెంటనే 20 మిల్లీమోలార్ ఈడీటీఏ కలిపి మంచులో పెట్టండి. అన్నిటినీ పక్కపక్క వరుసల్లో 1.5 శాతం అగరోజ్ జెల్ మీద నడపండి. పక్కనే మరిగించిన పేగు రసం వరుస ఒకటి తప్పక ఉండాలి.

జెల్ మీద చూడాల్సింది ఇదీ. 300 జతల ఆర్‌ఎన్‌ఏ గీత మొదట పదునుగా ఉంటుంది. అది మసకబారుతూ కింది వైపు పొగలా సాగితే న్యూక్లియేజులు కోస్తున్నాయన్నమాట. 1000 రెట్లు పలుచన చేసిన రసంలో కూడా 10 నిమిషాలకే గీత కరిగిపోతే, ఆ పురుగుకు మొక్క ద్వారా చాలినంత ఆర్‌ఎన్‌ఏ అందించడం దాదాపు అసాధ్యం. 10 రెట్ల పలుచన రసంలో గంట గడిచినా గీత నిలిచి ఉంటే దారి తెరిచి ఉన్నట్టే. రసం పీల్చే పురుగులైతే పేగు విప్పక్కర్లేదు. పారాఫిల్మ్ పొరల మధ్య 20 శాతం చక్కెర ద్రావణంలో ఆర్‌ఎన్‌ఏ కలిపి పీల్చనివ్వండి. 24 గంటల తర్వాత మిగిలిన ద్రావణాన్నే జెల్ మీద నడిపితే లాలాజలం ఏం చేసిందో కనిపిస్తుంది.

రెక్కల పురుగుల మీద పని చేసేవాళ్ళకు మా సూటి సలహా: బీటీ ప్రోటీను (బీటీ పత్తిలో పురుగును చంపే బాక్టీరియా ప్రోటీను) ఇంకా పనిచేస్తున్న పురుగు మీద ఆర్‌ఎన్‌ఏఐని ప్రధాన ఆయుధం చేసుకోకండి. పెంకు పురుగుల దగ్గర అది తన బలమంతా చూపిస్తుంది.

ఏ జన్యువు?

అణచితే చచ్చే జన్యువు కావాలి అనుకుంటే చాలదు. దాని ప్రోటీను తొందరగా అరిగిపోయేదై ఉండాలి. ఎమ్‌ఆర్‌ఎన్‌ఏ 90 శాతం తగ్గినా, అంతకుముందు తయారైన ప్రోటీను రెండు వారాలు నిలిస్తే పురుగు నింపాదిగా మేసి గూడు కట్టేస్తుంది. పేగు కణాల్లో బలంగా పలికే జన్యువు అయితే ఇంకా మంచిది, తిన్న ఆర్‌ఎన్‌ఏ ముందు చేరేది అక్కడికే.

పరీక్షకు నిలిచిన లక్ష్యాలు కొన్ని ఉన్నాయి: వీ-ఏటీపేజ్ ఎంజైములోని ‘ఏ’ (A), ‘ఈ’ (E) ఉపభాగాలు, ఎస్‌ఎన్‌ఎఫ్7, బీటా-యాక్టిన్, కోట్ ప్రోటీన్ బీటా, ప్రోటియసోమ్ (కణంలో అక్కర్లేని ప్రోటీన్లను కోసే యంత్రం) ఉపభాగాలు. ఎర్ర పిండి పురుగు మీద జరిగిన పెద్ద జల్లెడ పరీక్షలో ప్రోటియసోమ్ మేలైన లక్ష్యంగా తేలింది. 2023 డిసెంబరులో అమెరికాలో నమోదైన లెడ్‌ప్రోనా అనే చల్లే ఆర్‌ఎన్‌ఏ మందు కూడా బంగాళదుంప పెంకు పురుగులో ప్రోటియసోమ్ ఉపభాగాన్నే అణచుతుంది. 2007 నాటి వేరుపురుగు పరీక్షలో 290 జన్యువులు చూస్తే, చదరపు సెంటీమీటరుకు 5.2 నానోగ్రాములు మించకుండానే సగం లార్వాలను చంపగలిగినవి 14 మాత్రమే. కాబట్టి ఒక్క జన్యువును నమ్ముకోకండి. కనీసం 6 నుంచి 8 జన్యువులతో మొదలుపెట్టి మేత పరీక్షలో రెండుకు తగ్గించండి.

నేరుగా చంపని లక్ష్యాలు కూడా ఉంటాయి. పత్తి కాయతొలుచు పురుగు ప్రయోగంలో ఎంచుకున్న సీవైపీ6ఏఈ14 జన్యువు, పత్తిలోని గాసిపాల్ విషాన్ని తట్టుకోవడానికి కాయతొలుచు పురుగుకు అవసరమైనది. దాన్ని అణచితే మొక్క సొంత విషమే పురుగు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఇలాంటి లక్ష్యాన్ని మామూలు కృత్రిమ మేత మీద పరీక్షిస్తే ఏమీ కనిపించదు. ఆ విషాన్ని మేతలో కలిపి తీరాలి.

ముక్కను గీయడం

వేరుపురుగుకు 21 జతల చిన్న ముక్కలు తినిపిస్తే ఏమీ కాదు. దాని పేగు కణం లోపలికి తీసుకోవాలంటే పొడవు దాదాపు 60 జతలైనా ఉండాలి. ఆచరణలో 200 నుంచి 400 జతల మధ్య ముక్క తీసుకోండి. అనుమతి పొందిన ఎస్‌ఎన్‌ఎఫ్7 ముక్క పొడవు 240 జతలు. అంత ముక్కలో వేర్వేరు 21 అక్షరాల మాటలు 220 వస్తాయి. పురుగు జనాభాలో అక్కడక్కడా ఒక అక్షరం తేడా ఉన్నా మిగతావి పనిచేస్తాయి. పొడవు వల్ల కలిగే లాభం ఇదే. అలాగని 600 దాటిస్తే క్లోనింగ్ కష్టమవుతుంది, పనికిరాని పోలికలు కూడా పెరుగుతాయి.

జన్యు వరుసను డేటాబేసు నుంచి దించుకుని వాడేయకండి. మీరు పెంచుతున్న పురుగు నుంచి, పొలంలో రెండు మూడు చోట్ల పట్టిన పురుగుల నుంచి సీడీఎన్‌ఏ (ఎమ్‌ఆర్‌ఎన్‌ఏకు డీఎన్‌ఏ నకలు) తీసి ఆ ముక్కను చదివించండి. తర్వాత ముక్కలోని ప్రతి 21 అక్షరాల మాటనూ ఈ జాబితాతో పోల్చండి: ఆ పంట జన్యురాశి, మనిషి, పశువులు, తేనెటీగ, అక్షింతల పురుగు, ఆ పొలంలో తిరిగే ఇతర మిత్ర పురుగులు. ఎక్కడైనా 21కి 21 కలిస్తే ఆ భాగాన్ని పక్కన పెట్టి ముక్కను జరపండి. వరుసలను పోల్చే బ్లాస్ట్ ప్రోగ్రాములో మామూలు వెతుకులాట చిన్న పోలికలను వదిలేస్తుంది. పద పరిమాణం 7కి తగ్గించి చిన్న వరుసల పద్ధతిలో వెతకాలి, లేదా నేరుగా అక్షరానికి అక్షరం పోల్చే చిన్న ప్రోగ్రాము రాసుకోవాలి. ఎస్‌ఎన్‌ఎఫ్7 ముక్క ప్రభావం గలెరుసినే ఉపకుటుంబపు పెంకు పురుగులు దాటి పోలేదు. వరుస 90 శాతానికి పైగా కలిసిన జాతుల మీదే అది పనిచేసింది. మీ ముక్కకు కూడా ఇలాంటి హద్దు చూపించగలగాలి.

ముక్కలో ఏఏటీఏఏఏ లాంటి పాలీ-ఏ సంకేతాలు, స్ప్లైసింగ్ హద్దుల్లా కనిపించే వరుసలు ఉంటే మొక్క కేంద్రకంలో ఆర్‌ఎన్‌ఏ మధ్యలోనే తెగిపోతుంది. అవి ఉన్న చోటు వదిలేయండి.

పరీక్షకు ఆర్‌ఎన్‌ఏ

కొద్దిగా కావాలంటే గొట్టంలోనే తయారుచేసుకోవచ్చు. రెండు ప్రైమర్ల ముందూ 20 అక్షరాల టీ7 ప్రమోటరు వరుస (ఆర్‌ఎన్‌ఏ తయారీ మొదలయ్యే చోటు) తగిలించండి. పీసీఆర్ మొదటి 5 చక్రాలు జన్యువు భాగానికి సరిపడే ఉష్ణోగ్రత దగ్గర, మిగతా 30 చక్రాలు దానికంటే పైన నడపండి. అలా చేయకపోతే తోకలు అడ్డంపడి ముక్క సరిగా పెరగదు. 1 మైక్రోగ్రాము శుభ్రమైన పీసీఆర్ ముక్కను టీ7 పాలిమరేజుతో 37 డిగ్రీల దగ్గర 4 గంటలు, వీలైతే రాత్రంతా ఉంచండి. డీఎన్‌ఏజ్ వేసి, లిథియం క్లోరైడుతో దిగబెట్టి, 95 డిగ్రీలకు వేడిచేసి గది ఉష్ణోగ్రతకు నెమ్మదిగా చల్లారనివ్వండి. పోగులు జతకట్టేది ఆ చల్లారడంలోనే.

ఎక్కువ కావాలంటే మీ ముక్క చేర్చిన ఎల్4440 ప్లాస్మిడ్‌ను (బాక్టీరియాలో పెరిగే చిన్న గుండ్రటి డీఎన్‌ఏ) హెచ్‌టీ115 బాక్టీరియాలో పెట్టండి. రెండు పోగుల ఆర్‌ఎన్‌ఏను కోసే ఆర్‌ఎన్‌ఏజ్ 3 దానికి లేదు. కల్చర్ సాంద్రత 0.4 నుంచి 0.6కి చేరాక 0.4 మిల్లీమోలార్ ఐపీటీజీ వేసి 37 డిగ్రీల దగ్గర 4 గంటలు పెంచండి.

వచ్చింది నిజంగా రెండు పోగులదేనా అని తేల్చే పరీక్షను చాలామంది దాటవేస్తారు. 300 మిల్లీమోలార్ ఉప్పులో ఆర్‌ఎన్‌ఏజ్ ఏ ఒంటి పోగునే కోస్తుంది, రెండు పోగులను వదిలేస్తుంది. ఉప్పు లేని నీళ్ళలో రెండింటినీ కోస్తుంది. ఈ రెండు గొట్టాలూ పక్కపక్కన నడిపితే సందేహం ఉండదు. కొలిచేటప్పుడు 260 నానోమీటర్ల దగ్గర 1 వచ్చిందంటే మిల్లీలీటరుకు సుమారు 45 మైక్రోగ్రాములు అని లెక్కవేయండి. ఒంటి పోగు ఆర్‌ఎన్‌ఏకు వాడే 40తో లెక్కవేస్తే మోతాదులన్నీ తప్పుతాయి.

మేత పరీక్ష

1 సెంటీమీటరు వ్యాసం ఉన్న ఆకు బిళ్ళ వైశాల్యం 0.785 చదరపు సెంటీమీటరు. చదరపు సెంటీమీటరుకు 100 నానోగ్రాముల మోతాదు కావాలంటే ఒక బిళ్ళకు 78.5 నానోగ్రాములు పట్టాలి. 10 మైక్రోలీటర్లు పూస్తే ద్రావణం మైక్రోలీటరుకు 7.85 నానోగ్రాములు ఉండాలి. 24 లార్వాలు, రోజు విడిచి రోజు కొత్త బిళ్ళ, 12 రోజులంటే 144 బిళ్ళలు, అంటే 11.3 మైక్రోగ్రాములు. 1, 3, 10, 30, 100 నానోగ్రాముల అయిదు మోతాదులకూ కలిపి ఒక విడతకు 16.3, మూడు విడతలకు 49 మైక్రోగ్రాములు. ఇదంతా ముందే లెక్కవేసి ఒకే బ్యాచ్‌గా తయారుచేసి, చిన్న చిన్న గొట్టాల్లో మైనస్ 80 డిగ్రీల్లో దాచండి. సగం పరీక్షలో బ్యాచ్ మారితే ఫలితాలు పోల్చడానికి పనికిరావు.

ఆకు మీద చుక్క గుండ్రంగా నిలబడిపోతే 0.05 శాతం ట్వీన్-20 కలపండి, పలచగా పరుచుకుంటుంది. బిళ్ళ పూర్తిగా ఆరాకే లార్వాను వదలండి. మొదటి దశ, లేదా రెండో దశ మొదట్లో ఉన్న లార్వాలే తీసుకోండి. పెద్ద లార్వాలు మోతాదును తట్టుకుంటాయి. పోలిక కోసం నీళ్ళు పూసిన బిళ్ళలతోపాటు, పురుగులో లేని జీఎఫ్‌పీ జన్యువు ఆర్‌ఎన్‌ఏను పై మోతాదులో పెట్టండి. ఏ ఆర్‌ఎన్‌ఏ తిన్నా జరిగే మార్పు వేరు, మీ జన్యువు అణగడం వల్ల జరిగేది వేరు. ఆ తేడా చెప్పేది జీఎఫ్‌పీ వరుసే.

మూడో రోజు చూసి పనిచేయలేదని పెట్టె కట్టేయకండి. ఆర్‌ఎన్‌ఏఐ నెమ్మది మందు. చావులు చాలాసార్లు అయిదో రోజు తర్వాతే మొదలవుతాయి, లెక్క 12వ రోజు దాకా సాగాలి. చావుతోపాటు లార్వా బరువు, తిన్న ఆకు వైశాల్యం, దశ మారిన రోజు కూడా రాయండి. చావు శాతాన్ని అబ్బాట్ సూత్రంతో సరిదిద్దండి: పోలిక వరుసలో 10 శాతం, మోతాదు వరుసలో 64 శాతం చస్తే, 54ను 90తో భాగించగా అసలు చావు 60 శాతం. పోలిక వరుసలోనే 20 శాతానికి మించి చస్తే ఆ విడత పారేసి, లార్వాలను పెంచే పద్ధతిని సరిచేసుకోండి.

48 నుంచి 72 గంటల మధ్య కొన్ని లార్వాలు తీసి క్యూపీసీఆర్‌తో ఎమ్‌ఆర్‌ఎన్‌ఏ కొలవండి. ఇక్కడ ఒక గుంట ఉంది. క్యూపీసీఆర్ ప్రైమర్లు మీరు తినిపించిన ముక్కకు బయట ఉండాలి. ముక్క లోపలే ఉంటే పురుగు తిన్న ఆర్‌ఎన్‌ఏ కూడా లెక్కలోకి వచ్చి, జన్యువు అణగినా పెరిగినట్టు చూపిస్తుంది.

మొక్కలో ఎక్కడ తయారుచేయాలి?

జన్యువును కేంద్రకంలో పెడితే ఎదురయ్యే చిక్కు: మొక్కకూ డైసర్లు ఉన్నాయి. మీరు పెట్టిన పొడవైన ఆర్‌ఎన్‌ఏను అవి పురుగు కంటే ముందే 21, 22, 24 అక్షరాల ముక్కలుగా కోసేస్తాయి. ఆ చిన్న ముక్కలు పురుగుకు అక్కరకు రావు. ఎస్‌ఎన్‌ఎఫ్7 మొక్కజొన్నలో కోతకు చిక్కకుండా మిగిలిన పొడవైన ఆర్‌ఎన్‌ఏతోనే పని జరుగుతోంది, ఎందుకంటే వేరుపురుగు అంత సున్నితమైనది.

హరితరేణువులో డైసర్ లేదు. అక్కడ తయారైన ఆర్‌ఎన్‌ఏ కోతపడకుండా పేరుకుంటుంది. 2015లో బంగాళదుంప హరితరేణువుల్లో పురుగు బీటా-యాక్టిన్ ఆర్‌ఎన్‌ఏను తయారుచేసినప్పుడు అది కణంలోని మొత్తం ఆర్‌ఎన్‌ఏలో 0.4 శాతం దాకా చేరింది, పెంకు పురుగు లార్వాలు చచ్చాయి. కేంద్రకంలో పెట్టిన మొక్కలు అంత కాపాడలేకపోయాయి. ఇందులో హెయిర్‌పిన్ (ముక్కను ఒకసారి నేరుగా, ఒకసారి తిరగేసి పెట్టి ఆర్‌ఎన్‌ఏ తనమీదే మడతపడేలా చేసే కట్టడం) కూడా తప్పనిసరి కాదు, ముక్కకు రెండు చివరలా ఎదురెదురుగా ప్రమోటర్లు పెడితే చాలు. పైగా చాలా పంటల్లో హరితరేణువులు తల్లి నుంచే సంక్రమిస్తాయి కాబట్టి పుప్పొడి ద్వారా పాకే భయం తక్కువ.

ఇంత మంచిదైతే అందరూ ఎందుకు చేయరు? హరితరేణువుల్లో జన్యుమార్పిడి పొగాకు, టమాటా, బంగాళదుంప, లెట్యూస్ లాంటి కొద్ది పంటల్లోనే నమ్మకంగా సాగుతోంది. ధాన్యపు పంటల్లో ఇంకా కష్టమే. వేళ్ళలో, దుంపల్లో ప్లాస్టిడ్ (హరితరేణువు జాతి కణభాగం) జన్యువులు బలహీనంగా పలుకుతాయి. రసం పీల్చే పురుగులు నాళాల రసమే తాగుతాయి గాని హరితరేణువును తినవు. కాబట్టి ఆకు నమిలే పెంకు పురుగుకు హరితరేణువు, వేరు తినే పురుగుకు వేళ్ళలోనూ పలికే ప్రమోటరుతో కేంద్రకం, తెల్లదోమకు నాళాల్లో మాత్రమే పలికే ప్రమోటరుతో కేంద్రకం. ఈ విభజన చాలావరకు సరిపోతుంది.

హెయిర్‌పిన్ కట్టడం

కేంద్రకం దారిలో పాత నమ్మకమైన పనిముట్టు పీహానిబాల్ అనే ప్లాస్మిడ్. ముక్కను నేరుగా ఎక్స్‌హెచ్‌ఓ1, కేపీఎన్1 అనే ఎంజైములు కోసే చోట్ల మధ్య, తిరగేసి క్లా1, ఎక్స్‌బీఏ1 చోట్ల మధ్య పెట్టండి. నడుమ ఇంట్రాన్ ఉంటుంది. ముందు 35ఎస్ ప్రమోటరు, వెనక ఓసీఎస్ ముగింపు. మొత్తాన్ని నాట్1తో కోసి మొక్కలోకి పంపడానికి వాడే పీఆర్ట్27 ప్లాస్మిడ్‌లోకి మార్చండి. మీ ముక్క లోపల ఈ ఎంజైములు కోసే చోట్లు ఉన్నాయేమో ముందే చూసుకోండి.

రెండో చేయి, అంటే తిరగేసిన ముక్క, పెట్టాక కాలనీలు రాకపోవడం, వచ్చినా ప్లాస్మిడ్ చిన్నదైపోవడం తరచూ జరుగుతుంది. తలకిందుల వరుసలను బాక్టీరియా కత్తిరించి పారేస్తుంది. పునఃసంయోగం తక్కువగా ఉండే రకం కణాలు వాడి, 37 బదులు 30 డిగ్రీల దగ్గర పెంచండి. చేతుల మధ్య కనీసం 150 అక్షరాల ఎడం ఉంచండి. సీక్వెన్సింగ్ హెయిర్‌పిన్ మధ్యలో ఆగిపోతే ప్లాస్మిడ్ తప్పు అనుకోకండి. ఇంట్రాన్ లోపలి నుంచి బయటి వైపు రెండు ప్రైమర్లతో, ఒక్కో చేయి విడిగా చదివించండి.

మార్పిడి, మొక్కల ఎంపిక

జీవభద్రతా కమిటీ అనుమతి చేతికొచ్చాకే ఈ దశ మొదలుపెట్టండి. మీ పురుగు పొగాకు తినేదైతే ముందు పొగాకులో చేసి చూడండి, తొందరగా తేలుతుంది. మీ ప్లాస్మిడ్‌ను మొక్కలోకి మోసే అగ్రోబాక్టీరియం సాంద్రత 0.5 దగ్గర ఆకు ముక్కలను 10 నిమిషాలు ముంచి, చీకట్లో 2 రోజులు ఉంచండి. తర్వాత ఎమ్‌ఎస్ మాధ్యమంలో లీటరుకు 1 మిల్లీగ్రాము బీఏపీ, 0.1 మిల్లీగ్రాము ఎన్‌ఏఏ, 100 మిల్లీగ్రాముల కానమైసిన్, 250 మిల్లీగ్రాముల సెఫోటాక్సిమ్ వేసి మొలకలు తెప్పించండి. వేర్వేరు ముక్కల నుంచి వచ్చిన 20 నుంచి 30 మొక్కలైనా ఉండాలి. ఒకే ముక్క మీద గుత్తిగా వచ్చినవన్నీ ఒకే మార్పిడి కావచ్చు, వాటిని ఒకటిగానే లెక్కించండి. హరితరేణువు దారిలో అయితే స్పెక్టినోమైసిన్ మీద రెండు మూడు సార్లు మళ్ళీ మొలకెత్తించి, పాత హరితరేణు జన్యురాశి ఏమాత్రం మిగల్లేదని డీఎన్‌ఏను వెతికే సదరన్ బ్లాట్‌తో తేల్చాలి.

పీసీఆర్‌లో గీత వచ్చినంత మాత్రాన మొక్క పనికొస్తుందని కాదు. ఆర్‌ఎన్‌ఏను వెతికే నార్తర్న్ బ్లాట్‌లో రెండు కొలతలు చూడండి: మామూలు అగరోజ్ జెల్ మీద పొడవైన ఆర్‌ఎన్‌ఏ ఎంత, యూరియా కలిపిన 15 శాతం పాలీఅక్రిలమైడ్ జెల్ మీద చిన్న ముక్కలు ఎంత. చిన్న ముక్కల గీత దట్టంగా, పొడవైనది కనపడకుండా ఉన్న మొక్క మీద పెంకు పురుగు హాయిగా బతుకుతుంది. పొడవైనది మిగిలిన మొక్కలనే మేత పరీక్షకు పంపండి.

విత్తనం తీశాక కానమైసిన్ మీద మొలిపించి లెక్కవేయండి. 120 మొక్కల్లో 84 బతికి 36 పోతే, 3:1 ప్రకారం రావాల్సినవి 90, 30. కై-స్క్వేర్ 1.6 వస్తుంది. అది 3.84 లోపే కాబట్టి జన్యువు ఒకే చోట కూర్చుందని తీసుకోవచ్చు. ఒక్క ప్రతి ఉన్న మొక్కలనే ముందుకు తీసుకెళ్ళండి. ఎక్కువ ప్రతులుంటే మొక్క తన సొంత అణచివేతతో మీ జన్యువునే మూసేస్తుంది. మొదటి తరంలో బాగా పనిచేసి మూడో తరంలో చల్లబడిపోయే మొక్కల వెనక తరచూ ఉండే కారణం ఇదే. మూడో తరం దాకా నార్తర్న్, మేత పరీక్ష రెండూ మళ్ళీ చేయండి.

నిరోధకత

ఆర్‌ఎన్‌ఏకు పురుగు అలవాటుపడదన్న మాట నమ్మకండి. ప్రయోగశాలలో ఎంపిక చేసిన వేరుపురుగుల్లో ఎస్‌ఎన్‌ఎఫ్7 ఆర్‌ఎన్‌ఏకు 130 రెట్లు మించి నిరోధకత వచ్చింది. బంగాళదుంప పెంకు పురుగులో 11,100 రెట్లు దాటింది. వేరుపురుగులో మారింది లక్ష్య జన్యువు కాదు, పేగు కణం ఆర్‌ఎన్‌ఏను లోపలికి తీసుకునే తీరు. అందువల్ల అది ఇతర జన్యువుల ఆర్‌ఎన్‌ఏలకూ లొంగలేదు. కానీ క్రై3బీబీ1 అనే బీటీ ప్రోటీనుకు మాత్రం ఎప్పటిలాగే లొంగింది.

దీని అర్థం మొక్క కట్టేవాళ్ళకు సూటిగా తగులుతుంది. రెండు జన్యువుల మీద రెండు ఆర్‌ఎన్‌ఏలు పెట్టి జోడు రక్షణ అనుకుంటే అది ఒంటి రక్షణే, తలుపు మూసుకుంటే రెండూ బయటే ఉండిపోతాయి. ఆర్‌ఎన్‌ఏకు తోడు వేరే దారిలో చంపే బీటీ ప్రోటీనునే పెట్టండి. పక్కన మామూలు మొక్కల ఆశ్రయ వరుసలు కూడా ఉండాలి. వేరుపురుగులో ఆ నిరోధకత అంతర్గత లక్షణం (తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ వస్తేనే బయటపడేది) కాబట్టి, ఆశ్రయ వరుసల్లో పెరిగిన లొంగే పురుగులతో జతకడితే పుట్టే సంతతి మళ్ళీ లొంగుతుంది.

మొక్క పొలంలోకి వెళ్ళకముందే నాలుగైదు ప్రాంతాల పురుగులు పట్టి, ఒక్కో దానికి సగం చావు మోతాదు కొలిచి రాసిపెట్టండి. అదే బ్యాచ్ ఆర్‌ఎన్‌ఏ కొంత మైనస్ 80లో విడిగా ఉంచండి. ఏటా కొత్తగా పట్టిన పురుగులను ఆ దాచిన బ్యాచ్‌తో పక్కపక్కన పోల్చినప్పుడే, మోతాదు పెరిగింది పురుగు మారడం వల్లా, ఆర్‌ఎన్‌ఏ తయారీలో తేడా వల్లా అన్నది తేల్చగలుగుతారు.